నాలుగో జాడీ

నదీన్‌కి మొగుడి మీద ఉన్న ఫిర్యాదులన్నీ రాయడానికి ఒక పుస్తకం చాలదు గానీ, వాటిలో మొదటిది మాత్రం గిన్నె గురించి. పెళ్లికి వాళ్లమ్మ ఇచ్చిన గిన్నె అది. పండగ పూట ముప్పైమందికి బఠాణీ సూపు కాచిపెట్టమని ఇచ్చింది. ఈ నలభై ఒక్క ఏళ్లలో అందులో సూపు కాగింది మహా అయితే పదిసార్లు. మిగతా కాలమంతా ఆర్మండ్ దాన్ని గ్యారేజీలోకి ఎత్తుకుపోయి బీరు కోసం మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, ఉడకబెట్టుకున్నాడు. తన సొంత గిన్నెని మొగుణ్ణి బతిమాలి అరువు తెచ్చుకునే ఇల్లాలు మోక్సీ ఊరు మొత్తమ్మీద తానొక్కతేనని ఆవిడ నమ్మకం.

రెండో ఫిర్యాదు ఫ్రీజరు గురించి. కోడిమాంసం కోసం చెయ్యి పెడితే బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల పొట్లం తగులుతుంది. వెన్న కోసం పెడితే ఇంకో హాప్స్ పొట్లం తగులుతుంది. మూడోది ఆయన ముక్కు గురించి. ఆ ముక్కు యాకిమా లోయలో పేరున్న ముక్కు. ముప్పైఎనిమిదేళ్లు హాప్ తోటలవాళ్ల ఆరబెట్టే కొట్టంలో పనిచేసినవాడు ఆర్మండ్. రెండు అరచేతుల మధ్య హాప్ పువ్వుని నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఏ రకం, ఎన్ని గంటలు ఆరింది, కాలవకి ఏ వైపు తోటలోది అని చెప్పేసేవాడు. పెద్ద పెద్ద బీరు కంపెనీల నుంచి వచ్చిన కుర్రాళ్లు నోట్లు రాసుకునేవాళ్లు. అంతటి ముక్కుకి వంటింట్లో చెత్తబుట్ట నిండి మూడు రోజులైన సంగతి మాత్రం ఏనాడూ తెలియలేదు.

"వాసన రావట్లేదా నీకు?" అని ఆవిడ అడిగితే, "దేని వాసన?" అనేవాడు అమాయకంగా.

నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన భార్యని పూర్తిగా నమ్మిన విషయం ఒకే ఒక్కటి. అది బీరు పరీక్షలో నంబర్ల విషయం.

ఆ పరీక్ష పద్ధతి ఇలా ఉండేది. ఐదు గాలన్ల బీరు ఒకేసారి కాస్తాడు. అందులో చేదు కోసం చిటికెడు హాప్స్ తప్ప ఇంకేమీ వేయడు. అది పులిసి కుదురుకున్నాక ఐదు గాజు జాడీల్లోకి సమానంగా పంచుతాడు. ఇక అక్కణ్ణుంచి ఆయన గ్యారేజీలో ఉండకూడదు. నదీన్ ఒక్కో రకం హాప్స్‌ని ఒక్కో పల్చటి గుడ్డసంచిలో కట్టి, ఒక్కో జాడీలో వేస్తుంది. జాడీ మీద నంబరు మాత్రమే అంటిస్తుంది. ఏ నంబరులో ఏ రకం ఉందో ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత ఆయన వాసన చూసి, రుచి చూసి, కనిపెట్టాలి. బీరు ఒకటే, నీళ్లు ఒకటే, కాబట్టి తేడా అంతా హాప్స్‌దే. చూసి తెలుసుకున్న ముక్కు అబద్ధం చెబుతుంది, చూడకుండా తెలుసుకున్న ముక్కే నిజం చెబుతుంది అని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం కూతురికి కూడా నేర్పాడు. ఆ నేర్పడంలోనే వచ్చింది చిక్కంతా.

కొలెట్ యాకిమాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేది. శనివారం వచ్చిందంటే తల్లిని పలకరించేది కూడా గ్యారేజీ మీదుగా వచ్చాకే. ఇంట్లో అందరికీ మల్లే పిల్లకీ నల్లటి జిగురు వేళ్లే. హాప్ పూల బంక సబ్బుకి లొంగదు. "ముందు నూనె రాసుకుని కడుక్కో. ఆ చేతుల్తో నా రొట్టె ముట్టుకున్నావంటే ఊరుకోను" అని నదీన్ ఎన్నిసార్లు అరిచిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ వంటింట్లో రొట్టెలన్నీ శుభ్రంగానే ఉంటున్నాయి.

కాలవ గట్టు మీద ఎవరూ నాటని హాప్ తీగ ఒకటి కొలెట్‌కి కనబడింది. వేరు ముక్క తవ్వి తెచ్చి పెరట్లో కంచె దగ్గర పెట్టింది. మూడో ఏటికి అది కంచె దాటి, తండ్రి కట్టిన తాళ్లు దాటి, పక్కింటివాళ్ల గుడ్డలారేసే తీగ దాకా పాకింది. పూలు గుత్తులు గుత్తులుగా వేలాడాయి.

అది రెండేళ్ల కిందటి ఆగస్టు నెల. పద్నాలుగో తారీకు. ఆ రోజు కొలెట్ తండ్రి పనిచేసే కొట్టానికి ఫోన్ చేసింది.

"నాన్నా, తీగ పండింది. నొక్కితే పువ్వు మళ్లీ లేస్తోంది. కాగితంలా గలగలమంటోంది. లోపల పసుపు పొడి నిండా ఉంది. రా, కోద్దాం."

"ఆగస్టులో ఏం పండుతుందే? ఇంకా పెద్ద తోటల్లోనే కోత సరిగ్గా మొదలవలేదు."

"తోటల సంగతి నాకెందుకు? ఇది అడవిది. దీనికి నీ క్యాలెండరు తెలీదు."

"ఇంటి తీగ ఆఖరున కోస్తాం. మా నాన్నా అంతే, ఆయన నాన్నా అంతే. ఆఖరి లోడు కొట్టంలోంచి దిగాక, ఆ ఆదివారం. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు."

మోక్సీలో హాప్ పనివాళ్ల ఇళ్లన్నిటిలో అదే ఆచారం. ఆగస్టు చివర్నుంచి రాత్రింబవళ్లు ఊరివాళ్ల హాప్స్ ఆరబెట్టేవాడికి సొంత పెరట్లో తీగ వంక చూసే తీరికెక్కడిది? తీరిక లేక పుట్టిన అలవాటు తాతల నాటికి నియమమై కూర్చుంది.

కొలెట్ ముట్టుకుంది. తండ్రి ఏనాడో నేర్పిన పరీక్షలన్నీ చేసి, తీగకి ఒక పక్కన ఉన్నవి మాత్రం కోసి, అటక మీద కిటికీ జాలీ పరిచి ఆరబెట్టి, గాలి తీసేసే కవర్లో పెట్టి సీలు వేసింది. గుప్పెడున్నర కంటే ఎక్కువ ఉండవు. సెప్టెంబరులో ఆచారం ప్రకారం ఆర్మండ్ మిగతావి కోసి, ఆ నెలాఖరున బీరు చేసి, ఊళ్లో ఇంట్లో బీరు కాచుకునే ఆరుగుర్నీ పిలిచి గ్లాసుల్లో పోశాడు. అందరూ వాసన చూసి మొహాలు చిట్లించారు. ఉల్లిపాయ! నూనెలో మాడుతున్న ఉల్లిపాయ!

"మా అమ్మాయి కనిపెట్టిన కొత్త రకం" అన్నాడు ఆర్మండ్, గ్లాసు పైకెత్తి. "బీరుకి పనికిరాదు గానీ సూపులోకి బ్రహ్మాండం."

గ్యారేజీ అదిరేలా నవ్వారు. నదీన్ తమ్ముడు విల్ఫ్రెడ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ముప్పై ఏళ్లు హాప్స్ లారీ తోలి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆయన నవ్వు ఆయనకే వినబడదు కనుక ఇంకాస్త పెంచుతాడు. కొలెట్ కూడా నవ్వింది. నదీన్ నవ్వలేదు, అలాగని ఏమీ అనలేదు కూడా. చీజు ముక్కల పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వెళ్లింది. ఆ పళ్లెం ఇప్పటికీ చేతిలో బరువుగానే ఉంది ఆవిడకి.

వెళ్లేముందు కొలెట్ వంటింట్లోకి వచ్చి, ఆగస్టులో తాను కోసి సీలు వేసిన పొట్లం తల్లి చేతిలో పెట్టింది.

"ఫ్రీజరులో నీ బఠాణీల వెనకాల దాచమ్మా. నాన్న అడిగితే ఇవ్వు."

"ఇప్పుడే తీసుకెళ్లి మొహాన కొట్టరాదూ?"

"ఊహూ. అడిగితేనే."

ఆ తర్వాత కూడా ఆదివారం భోజనాలకి వస్తూనే ఉంది. తండ్రితో బాగానే మాట్లాడేది, ఆయన ప్లేటులోంచి బంగాళాదుంప ముక్కలు ఎత్తుకుని తినేది. గ్యారేజీలోకి మాత్రం అడుగుపెట్టలేదు. ఒక ఆదివారం ఆర్మండ్, "కొత్త బీరు కషాయం పొయ్యి మీద ఉంది, చూస్తావా?" అని అడిగితే, "వచ్చేవారం నాన్నా" అంది. ఫిబ్రవరిలో, లోయ దారిలో, కంటికి కనబడని మంచు పొర మీద కొలెట్ కారు జారింది. ఆ వచ్చేవారం ఇంక రాలేదు.

ఆర్మండ్ ఆ వేసవికే కొట్టం పని మానేశాడు. ఆగస్టు అంతా ఖాళీ. పెరటి మెట్ల మీద కూర్చుని తీగకేసి చూస్తూ గడిపాడు. పూలు పండాయి. మాగాయి. అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఆయన కదల్లేదు. పక్క తోటల ఆఖరి లోడు దిగిందని తెలిశాక, ఆ ఆదివారం లేచి, నిచ్చెన వేసి, కోశాడు.

నదీన్ ఒకసారి నోరు తెరిచింది. "కొంచెం ముందు కోసి చూడొచ్చుగా?"

"ఆగస్టులో కోస్తే గడ్డి వాసనొస్తుంది" అన్నాడు ఆయన, ఆవిడ మొహంలోకి చూడకుండా. గొంతు చూస్తే అదేదో కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టుంది. ఆవిడ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పోయినేడు ఆ మాగిపోయిన పూలతో చేసిన జాడీ కూడా ఉల్లిపాయే. దాన్ని గ్యారేజీ తూములో పారబోసి లోపలికి వచ్చినప్పుడు ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఉల్లి ఘాటు" అన్నాడు. అవునులే అంది ఆవిడ. కూతురి మాటే నిజమవ్వాలని, ఆమె దగ్గర ఓడిపోవాలని చూస్తున్న మనిషి ఏటేటా గెలుస్తున్నాడు. ఆ గెలుపు ఆయన్ని తినేస్తోంది. ఓడడానికి కావలసింది నెల రోజులు ముందు నిచ్చెన వేయడం. ఆ ఒక్కటీ ఆయన వల్ల కావడం లేదు.

ఈ సెప్టెంబరు కోత అయిన రోజు, ఖాళీ తీగ కింద నిలబడి, ఆర్మండ్ తేల్చి చెప్పాడు.

"ఇదే ఆఖరు. ఈసారీ ఉల్లిపాయే అయితే పీకేస్తాను. కంచె పుచ్చిపోతోంది దీనివల్ల."

"కంచె సిమెంటుది ఆర్మండ్."

"స్తంభాలు కర్రవి."

"స్తంభాలు ఇనపవి."

"పీకేస్తానన్నానుగా" అని, పనిముట్ల గదిలోంచి పార తీసుకొచ్చి గ్యారేజీ గోడకి ఆనించాడు. రుచి చూసే శనివారం దాకా అది అక్కడే ఉంది. నదీన్ ఊడ్చేటప్పుడల్లా దాన్ని తాకకుండా చుట్టూ ఊడ్చింది.

ఆయన ఆ మాట మీద నిలబడతాడని ఆవిడకి తెలుసు. ఈ ఏటి పూలన్నీ కోసేశాడు. తీగ మీద ఇంకేం లేదు. తీగ తన తరఫున తాను చెప్పుకోగలిగిన సాక్ష్యం ఊరంతా వెతికినా ఒక్కచోటే ఉంది, బఠాణీల వెనకాల.

కానీ నదీన్ దగ్గర కూతురిది మిగిలినదంతా ఆ పొట్లమే. బట్టలు చర్చివాళ్లకి ఇచ్చేసింది. ఫోటోల్లో పిల్ల మొహం ఉంటుంది గానీ చెయ్యి ఉండదు. ఈ పొట్లంలో ఉన్న ప్రతి పువ్వూ పిల్ల వేళ్లు తెంపినది. తోచనప్పుడు ఫ్రీజరు తెరిచి, కవరు పైనుంచే దాన్ని ఒకసారి నొక్కి, మళ్లీ బఠాణీలు సర్దేది. విప్పితే వాసన పోతుంది, బీరులో వేస్తే పువ్వే పోతుంది. పైగా మాట ఒకటుంది కదా, అడిగితేనే అని. ఆయన ఎలా అడుగుతాడు? అలాంటిదొకటి ఉందనే ఆయనకి తెలియదు. ఆ సంగతి పిల్లకి తెలియదా? తెలుసు. అడగడమంటే పొట్లం అడగడం కాదు, పిల్ల మాట నిజమేమోనని అడగడం.

జాడీల రోజు వచ్చింది. ఆర్మండ్ బీరు పంచి, చేతులు తుడుచుకుని, పద్ధతి ప్రకారం గ్యారేజీ వదిలి పెరట్లో కూర్చున్నాడు. నదీన్ వంటింటి బల్ల మీద ఐదు గుడ్డసంచులు పరిచింది. క్లస్టర్, కాస్కేడ్, షినూక్, విలామెట్, ఇవి లోయలో పిల్లాడికైనా తెలిసిన రకాలు. ఐదోది కంచె తీగ, సెప్టెంబరుది.

ఆవిడ మొదట చేసిన పని రెండు ఉల్లిపాయలు తరిగి పెనం మీద వేయడం. ఆ పొట్లం విప్పితే పెరట్లో ఉన్న ముక్కు పసిగట్టకుండా ఇంకేం అడ్డం పెట్టాలో తోచలేదు మరి. ఉల్లిపాయ వల్ల వచ్చిన గొడవకి ఉల్లిపాయనే కాపలా పెట్టానని నవ్వుకోబోయింది గానీ నవ్వు రాలేదు.

పొట్లం మీద పెన్సిలుతో కొలెట్ దస్తూరి. 'ఆగస్టు 14. కాగితంలా గలగల. చేతికి బంక.' తండ్రి కొట్టంలో చిట్టీల మీద రాసే తీరే, ఆ పొడి పొడి మాటలే. కత్తెర పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టి, కళ్లు మూసుకుని కత్తిరించింది.

రెండేళ్లు మంచులో నిద్రపోయిన వాసన బయటికొచ్చింది. నదీన్‌కి హాప్స్ గురించి పెద్దగా తెలియదు. ఆవిడకి అందులో వినబడింది శనివారం సాయంత్రం. అలమర తలుపు మీద నల్లటి వేలిముద్ర. "అమ్మా, అరవకు, కడుక్కుంటున్నా." బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. పెనం మీద ఉల్లిపాయలు మాడాయి.

పెరటి తలుపు తోసుకుని ఆర్మండ్ తల లోపలికి పెట్టాడు. "ఏంటా వాసన?"

"ఉల్లిపాయలు."

"మాడుతున్నాయి."

"నలభై ఏళ్లకి ఇంట్లో ఏదో ఒకటి పసిగట్టావు. పో బయటికి, నంబర్లు రాస్తున్నాను."

ఆయన వెళ్లిపోయాడు. ఆవిడ విలామెట్ పొట్లాన్ని మళ్లీ ఫ్రీజరులో పడేసి, దాని సంచిలో కూతురి పూలు నింపింది. ఒక్కటి, ఒక్క పువ్వైనా పక్కన పెట్టుకుందామనుకుంది. తీసి పెట్టుకుంది కూడా. మళ్లీ, తూకం తగ్గితే పిల్లకి అన్యాయం జరుగుతుందని దాన్నీ సంచిలో వేసేసి, ముడి బిగించి కట్టింది. పుస్తకంలో నాలుగో నంబరు ఎదురుగా ఏమీ రాయలేదు.

శనివారం విల్ఫ్రెడ్ వచ్చాడు. రెండేళ్ల కిందటి ఆ ఆరుగురిలో ఇప్పటికీ గ్యారేజీకి వస్తున్నవాడు అతనొక్కడే. మిగతావాళ్లు ఏం మాట్లాడాలో తెలియక మానేశారు. విల్ఫ్రెడ్‌కి ఎలాగూ వినబడదు కాబట్టి మాటల బెంగ లేదు.

"ఏం బావా, ఈసారి సూపెప్పుడు?" అన్నాడు లోపలికి వస్తూనే. పాత అలవాటు. అన్నాక అక్క మొహం చూసి, తన టోపీ తీసి లోపల ఏముందో వెతకడం మొదలెట్టాడు.

గ్యారేజీ తలుపు పైకెత్తి ఉంది. పెరట్లో కంచె మీద ఖాళీ తీగ, గోడకి పార. నదీన్ వరసగా ఐదు గ్లాసులు పోసి, నంబరు చీటీలు పెట్టింది. ఆర్మండ్ మొదటి గ్లాసుని అరచేత్తో మూసి, తిప్పి, ముక్కు పెట్టాడు.

"క్లస్టర్. మా నాన్న కోటు వాసన." రెండోది. "కాస్కేడ్. నిద్రలో లేపి అడిగినా చెప్తాను." మూడోది ముక్కు దాకా వెళ్లకముందే ఆయన చెయ్యి కిందకి దిగింది. ఉల్లిపాయే. ఆ గ్లాసుని జాగ్రత్తగా పక్కకి జరిపాడు. విల్ఫ్రెడ్ దాన్ని తీసి వాసన చూసి, ఇంకా దూరంగా పెట్టేశాడు. ఆర్మండ్ చూపు పార మీదికి వెళ్లి వచ్చింది.

నాలుగోది ఎత్తాడు. తిప్పాడు. ముక్కు పెట్టాడు. పెట్టిన ముక్కు తీయలేదు.

"ఇది విలామెట్ కాదు, షినూక్ కూడా కాదు" అన్నాడు.

"తాగి చూడు" అంది నదీన్.

తాగాడు. కళ్లు మూసుకుని మళ్లీ తాగాడు. "ఆప్రికాట్. పండు కాదు, తొక్క. ఎండలో వేడెక్కిన తొక్క. వెనకాల… ఆరెంజి తొన నలిపినట్టు. ఇంకా వెనకాల ఏదో ఉంది. ఒరేయ్ విల్ఫ్రెడ్, చూడు ఇది."

విల్ఫ్రెడ్ ఒక్క గుక్కలో సగం తాగేశాడు. "బావా, ఇది అమ్ముకుంటే నువ్వు కొట్టంలో ముప్పైఎనిమిదేళ్లు పొగ మింగే పని తప్పేది!"

ఐదోది వాసన చూసి "షినూక్" అని పక్కన పెట్టేసి, ఆర్మండ్ మళ్లీ నాలుగో గ్లాసు దగ్గరికే వచ్చాడు. ఆయన మొహంలో చాలా కాలానికి ఒక పనివాడి ఆత్రం కనబడింది. అది చూసి నదీన్ చెయ్యి ఏప్రాన్ జేబులోకి వెళ్లింది. ఆ ఆత్రం ఎంతసేపుంటుందో ఆవిడకి తెలుసు.

"ఏం కలిపావు నదీన్? నిజం చెప్పు. నీ ఆప్రికాట్ జాము కలిపావు కదూ?"

"నా జాము నీ బీరులో పోయడానికి నాకేమైనా మతిపోయిందా?"

"మరి ఎవరిచ్చారు? ఏదైనా తోటలో కొత్తరకమా? ఇంకా పేరు పెట్టని నంబరు రకమా? ఏ తోట? చెప్పు, వెళ్లి అడుగుతాను. కాళ్లు పట్టుకునైనా ఒక వేరు ముక్క తెచ్చుకుంటాను."

నదీన్ పుస్తకం తెరవలేదు. ఏప్రాన్ జేబులోంచి ఖాళీ కవరు తీసి, చేత్తో సాపు చేసి, గ్లాసు పక్కన పెట్టింది. దస్తూరి పైకి ఉండేలా పెట్టింది.

"మూడోది మన కంచె తీగ, సెప్టెంబరులో నువ్వు కోసింది" అంది. "నాలుగోది కూడా మన కంచె తీగే. అది కోసింది నువ్వు కాదు."

ఆర్మండ్ కవరుని చేతిలోకి తీసుకోలేదు. వంగి చదివాడు. పొడి పొడి మాటలు ఆరేడు. వాటిని చదవడానికి పట్టినంతసేపు ఆయన పేపరు మొత్తం చదివేవాడు.

"అదే తీగ?"

"అదే తీగ."

"ఆరబెట్టడంలో తేడా అయుండొచ్చు" అన్నాడు. అటక మీద గాలి మెల్లగా తగులుతుందని, వేడి తక్కువని, కొట్టంలో అయితే అలా కుదరదని ఏదో చెప్పబోయాడు. సగంలో మాట తెగిపోయింది. సెప్టెంబరువి కూడా ఆయన ఆరబెట్టింది ఆ అటక మీదే, ఆ జాలీ మీదే. ఇంట్లో కొట్టం లేదు కదా.

విల్ఫ్రెడ్ ఇద్దరి మొహాలూ చూశాడు. కవరు మీద రాతని అతనూ గుర్తుపట్టాడు. చేతిలో ఉన్న సగం గ్లాసుని, అది పొరపాటున తాగకూడనిదేదో అయినట్టు, మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"ఇంకా ఉందా?" అన్నాడు ఆర్మండ్.

రెండేళ్లు ఫ్రీజరు తెరిచినప్పుడల్లా ఆవిడ ఎదురుచూసిన మాట అది. వచ్చింది, ఖాళీ కవరు ముందు.

"లేదు. అంతా వేసేశాను. జాడీలో ఉన్నదే ఉన్నది."

"నీ దగ్గర ఇన్నాళ్లూ ఉందా?"

"బఠాణీల వెనకాల. నువ్వు అడిగితే ఇమ్మంది."

"నేను అడగలేదు."

"అడగలేదు."

ఆయన జాడీ కేసి చూశాడు. డజను గ్లాసులకి మించి రాదు ఇంక. సీసాల్లో పోసి మూతలు బిగించినా, మంచుపెట్టెలో దాచినా, హాప్స్ వాసన నిలిచేది కాదు. బీరులో అన్నిటికంటే ముందు పోయేది అదే. నెల తిరిగేసరికి సగం, పండగ నాటికి ఏమీ ఉండదు. ఆ సంగతి ఆయనకి తెలిసినంత బాగా లోయలో ఇంకెవరికీ తెలియదు. కూతురు కోసిన పూలు ఇంకొన్ని వారాలు ఇంట్లో ఉంటాయి, తర్వాత ఉండవు. అంతే.

ఆర్మండ్ లేచి గోడ దగ్గరికి వెళ్లి పార అందుకున్నాడు. నదీన్ కూడా లేచింది. ఆయన పెరట్లోకి నడిచాడు. కంచె దాకా వెళ్లి, తీగ మొదట్లో నిలబడి, పారని మట్టిలో దించాడు. కానీ వేరు పెకలించలేదు. పక్కనుంచి మట్టి తీసి మొదట్లో పోశాడు. ఇంకో పారెడు. ఇంకొకటి. శీతాకాలానికి తోటల్లో వేర్లు కప్పినట్టు, ఆ ఒక్క మొక్కకీ కప్పాడు. నాలుగో పారెడు దగ్గర చేతులు ఆగిపోయాయి. పార కర్ర మీద నుదురు ఆనించి నిలబడిపోయాడు.

"నేర్పింది నేనే నదీన్" అన్నాడు అలాగే. "నొక్కితే లేవాలి, గలగలమనాలి, బంక అంటాలి. పిల్ల పదిహేనేళ్లప్పుడు నేర్పాను. అవే నాకు ఫోన్లో చెప్పింది. నేనేం చెప్పాను? ఆదివారం అన్నాను."

నదీన్ దగ్గరికి వెళ్లింది. ఆ రోజు పళ్లెం పట్టుకుని అందరికీ చీజు పెట్టిన చేతులు ఆవిడవే. వెళ్లి, ఆయన పక్కన, పార కర్ర పట్టుకుని నిలబడింది.

వెనకాల గ్యారేజీ గుమ్మంలో విల్ఫ్రెడ్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. ఆర్మండ్ అటు తిరిగాడు.

"ఒరేయ్, ఆ రోజు సూపులోకి బాగుంటుందన్నాను. మీరంతా నవ్వారు. నవ్వించింది నేను. పిల్ల చెప్పిందే నిజం. తప్పు నాది."

విల్ఫ్రెడ్ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటి బావా? వినబళ్లేదు."

నదీన్ తమ్ముడికి సైగ చేయబోయింది, వదిలెయ్యమని. ఆర్మండ్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. పక్కింటివాళ్లు గుడ్డలు తీసుకుంటున్నారు, వాళ్లు కూడా తిరిగి చూశారు.

"కొలెట్ చెప్పింది నిజం!" అని అరిచాడు ఆయన, కంచె అవతలికి కూడా వినబడేలా. "తప్పు నాదిరా! నాదే తప్పు!"